సావో సందులో అందరూ దిగి నడుస్తారు

మూకుడు అంచు మీద గరిటెడు పిండి పోసి, అది నూనెలోకి జారిపోకముందే నాలుగు వేరుసెనగ పలుకులు దూరదూరంగా పడేలా చూడాలి. కాస్త ఆలస్యమైతే పలుకులన్నీ ఒక్కచోట ముద్దకడతాయి. తొందరపడితే అప్పడం చిరుగుతుంది. ఇరవై ఏళ్లుగా పెయెక్ అప్పడాలు వేస్తున్నా లస్మినీకి ప్రతి అప్పడం దగ్గరా అదే భయం. అంచున పిండి పట్టుకునేదాకా ఊపిరి బిగబట్టి, దాని మీద వేడినూనె చిలకరించి, అట్లకాడతో మెల్లగా తోసి నూనెలోకి జార్చాక గాని ఊపిరి వదలదు.

ఆ మంగళవారం పొద్దున పదిగంటల వేళ, అప్పడం ఇంకా అంచునే ఉండగా, గుమ్మంలో నీడ పడింది.

"మన్నించండి, బు లస్మినీ. పనిలో ఉన్నారా?"

సందు పెద్ద పాక్ దర్సోనో. అక్కడ పెద్దమనిషికి పాక్, ఇల్లాలికి బు, గౌరవపు పిలుపులు. తపాలా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. చేతిలో మడతపెట్టిన కాగితం. మగవాళ్లు పట్టపగలు చేతిలో కాగితంతో గుమ్మంలోకి వచ్చారంటే లస్మినీకి తోచేది ఒక్కటే.

"మా ప్రికి ఏమైంది?"

అట్లకాడ చేజారింది. అప్పడం రెండు ముక్కలై నూనెలో పడింది.

"అయ్యయ్యో, ఏం కాలేదండీ! బజార్లో కులాసాగా ఫ్యానులు బాగుచేసుకుంటున్నాడు. ముందు మీరు కూర్చోండి, మిమ్మల్ని చూస్తే నాకే గుండె దడ వస్తోంది."

లస్మినీ 'అమిత్ అమిత్', చెడు దూరం పోవాలి, అనుకుంటూ వేలి కణుపులతో నుదుటినీ, తర్వాత పీట చెక్కనీ తట్టింది. చెడు తలపుకి వచ్చినప్పుడల్లా అలా తట్టకపోతే ఆమెకు మనసు నిలవదు. రోజుకు ఎన్నిసార్లు తడుతుందో ఆ పీటకే తెలియాలి.

పాక్ దర్సోనో అరుగు మీద కూర్చుని కాగితం విప్పాడు. నగరంలో మరే సందుకూ లేని విశేషాలు ఏ సందుకు ఉన్నాయో తేల్చే పోటీ పెట్టారు. గురువారం నలుగురు న్యాయనిర్ణేతలు వచ్చి చూస్తారు. గెలిచిన సందు గోడలకు రంగులు, బొమ్మలు, సందు మొదట్లో కొత్త ద్వారం. పై ఊళ్లనుంచి జనం చూడ్డానికి వస్తారు.

"రాసుకొచ్చాను, వినండి. ఒకటి, నడిసందులో సమాధి. ఎవరిదో ఎవరికీ తెలియదు, అయినా అందరూ చుట్టూ తిరిగే పోతాం. రెండు, ముప్ఫై ఒకటో నంబరు ఇంటి పక్కన తొమ్మిదో నంబరు."

"అది మీ తపాలా ఆఫీసు వాళ్లు చేసిన గందరగోళమే కదండీ."

"గందరగోళం కాదు, విశేషం!" అన్నాడాయన కళ్లజోడు సర్దుకుంటూ. "ఎవరు ముందు ఫారం తెస్తే వాళ్లకు ముందు నంబరు. అలాంటి సందు ఇంకెక్కడుంది? మూడు, నమాజు గదిలో గడియారం. ఇరవై నిమిషాలు ముందు నడుస్తుంది. ఊళ్లో ఏ పెళ్లికైనా మనమే ముందు వెళ్లి కూర్చుంటాం. పెళ్లికూతురు తల దువ్వుకుంటుంటే మనం భోజనానికి రెడీ."

లస్మినీ నవ్వింది. నవ్వుతూనే ఆయన కాగితం కిందికి చూసింది. ఇలా నవ్విస్తున్నాడంటే కింద ఏదో ఉంది.

"నాలుగోది అసలైనది. సందు మొదట్లో మన బోర్డు. 'దిగి నడవండి. ఇక్కడ మనుషులున్నారు.' మొన్న మేయరుగారి బంధువొస్తే ఆయనా దిగి బండి తోసుకుంటూనే వచ్చాడు. పోలీసులూ దిగుతారు. రాజయినా బంటయినా దిగాల్సిందే. అంతేనా?"

"అంతేనండి."

పాక్ దర్సోనో కాగితం మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు.

"ప్రి విషయం…"

ఆమెకు అర్థమైపోయింది. ఆమె కొడుకు ప్రిహాదికి రెండు కాళ్లూ చిన్నప్పటి జ్వరంలోనే చచ్చుబడిపోయాయి. చంకకర్రల మీద నడుస్తాడు గాని నాలుగడుగులకోసారి ఆగాలి. వెనక రెండు చిన్న చక్రాలు తగిలించుకున్న మోటారుబండి మీద పొద్దున బజారుకి వెళ్తాడు, సాయంత్రం వస్తాడు. సందు మొత్తంలో దిగకుండా ఇంటి గుమ్మందాకా వచ్చేది వాడొక్కడే. వాణ్ని రానివ్వమని ఎవరూ తీర్మానం చేయలేదు. వాడు మొదటిసారి బండి మీద సందులోకి వచ్చిన రోజున ఎదురింటి తుమీరా లేచి, తను కూర్చున్న పీటను పక్కకు లాక్కుంది. మిగతా గుమ్మాలవాళ్లూ అలాగే లాక్కున్నారు. అంతే.

"ఒక్క గురువారం సాయంత్రం," అన్నాడు పాక్ దర్సోనో. "ఫొటోలు తీస్తారు. అందరూ దిగి, ఒక్కడు మాత్రం ఎక్కి వస్తుంటే…"

"అయ్యో, దానికేముందండీ! ఒక్క రోజేగా. వాడు దిగుతాడు. నేను చెప్తానుగా."

ఆయన ఇంకా అడగనేలేదు. ఆమె ఒప్పేసుకుంది. వానాకాలం ఏటి నీళ్లు సందు చివరనున్న తమ ఇంట్లోకి వస్తే కొడుకును ఎత్తుకుని పైకి మోసుకుపోవాల్సింది ఈ సందు మగవాళ్లే. తనకేదైనా అయితే వాడికి అన్నం పెట్టాల్సింది ఈ సందు ఆడవాళ్లే. వాళ్లకు కోపం తెప్పించి ఏ ధైర్యంతో నిద్రపోతుంది? వెళ్తున్న పాక్ దర్సోనో చేతిలో పెయెక్ పొట్లం కూడా పెట్టింది. విరగనివి ఏరి మరీ.

సాయంత్రం సందు మొదట్లో బండి చప్పుడైంది. లస్మినీ చెవులు మధ్యాహ్నం మూడునుంచీ అటే ఉన్నాయి.

"దొరగారు వేంచేస్తున్నారు! లేవండమ్మా, లేవండి!" ఎదురింటి తుమీరా మిరపకాయల జల్లెడతో సహా పీట జరుపుకుంది.

"పీట జరిపితే ఏం లాభం అత్తా, నువ్వు జరగాలి గాని," అన్నాడు ప్రిహాది.

"విన్నావా వదినా నీ కొడుకు మాట! ఆ కాళ్లకి రావలసిన బలమంతా నాలిక్కే వచ్చింది."

వాడు నవ్వుతూనే బండి ఆపి, వెనక కట్టిన చంకకర్రల ముడి విప్పి దిగాడు. లస్మినీ వాడు గుమ్మం దాటేదాకా వెనకాల రెండు చేతులూ చాచి నిలబడింది. వాడికి అది ఇష్టముండదని తెలిసినా.

అన్నం తింటున్నంతసేపూ చెప్పలేదు. తిన్నాక, ఇంటికి తెచ్చుకున్న ఫ్యాను మోటారు ఒళ్లో పెట్టుకుని, కాలిపోయిన రాగితీగను చుట్టు చుట్టుగా ఊడదీస్తుంటే, అప్పుడు చెప్పింది. ఒక్క గుక్కలో.

తీగ లాగుతున్న చెయ్యి ఆగింది.

"పొద్దున ఆయన గుమ్మం ముందునుంచే వెళ్లాను. నన్నే అడగొచ్చుగా?"

"నిన్నడగడానికి మొహమాటపడ్డారు నాన్నా."

"నీ దగ్గరైతే మొహమాటం లేదన్నమాట."

"ఒక్క రోజేరా. నేను బండి తోసుకుంటూ నీ వెనకే వస్తాను. జారకుండా పట్టుకుంటాను."

"నువ్వు బండి పట్టుకుంటావా, నన్ను పట్టుకుంటావా?"

వాడు మళ్లీ తీగ లాగడం మొదలుపెట్టాడు. "సరే," అన్నాడు, తల ఎత్తకుండా. "ఒక్క రోజు."

గురువారం సందంతా కడిగారు. అదే లస్మినీ భయం. ఏటివైపు వాలుగా దిగే సిమెంటు దారి, మీద నీళ్లు. సందు మొదటినుంచి తన ఇంటికి తన అడుగుల్లో నూట అరవై రెండు. కర్రల మీద వాడికెన్నో ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఐదున్నరకి ప్రిహాది వచ్చాడు. బోర్డు దగ్గర ఆపాడు. అప్పటికే అక్కడ నలుగురు న్యాయనిర్ణేతలు, వాళ్ల వెనక పాక్ దర్సోనో, కొత్త బతిక్ అద్దకం చొక్కాలో. ప్రిహాది ఎవర్నీ చూడలేదు. ముడి విప్పి, కర్రలు చంకల్లోకి తీసుకుని, ఒళ్లు బరువంతా భుజాల మీద వేసి దిగాడు. లస్మినీ బండి హ్యాండిల్ అందుకుంది. వాలులో బండి ఆమెను లాగుతోంది. ఆమె మడమలు తన్నిపెట్టి ఆపుతోంది. చూపు మాత్రం కర్రల కొసల మీద. రబ్బరు అరిగిన కుడి కర్ర ప్రతి అడుక్కీ కొంచెం జారుతోంది. ఇప్పుడు పడతాడు. ఇదిగో ఇప్పుడు. తల ఆ సమాధి గట్టుకు తగులుతుంది. ఆసుపత్రి. రక్తం దొరకదు. అడుగడుక్కీ ఆమె మనసు అంతదూరం వెళ్లి వస్తోంది.

గుమ్మాల్లో కూర్చున్న వాళ్లెవరూ మాట్లాడలేదు. తుమీరా పరాచికం కూడా లేదు.

సమాధి దగ్గర మలుపులో వాడు ఆగి ఊపిరి తీసుకున్నాడు. చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది. న్యాయనిర్ణేతల్లో పెద్దావిడ, బు వర్దానీ అట ఆవిడ పేరు, చేతులు గుండెల మీద పెట్టుకుంది. ఫొటోల అబ్బాయి ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చుని వరసగా తీస్తున్నాడు.

"ఈయన కూడా దిగుతారా?" అని అడిగింది బు వర్దానీ. "రోజూనా?"

పాక్ దర్సోనో నోరు తెరిచి మూసేశాడు. అన్ని గుమ్మాలూ లస్మినీ వైపే చూస్తున్నాయి. అంతమంది ఒకేసారి తనవైపు చూడటం ఆమె ఎరగదు. చూపులంటేనే ఆమెకు భయం. ఏదో ఒకటి అనేస్తే ఆ చూపులు తిరిగిపోతాయి.

"రోజూనే అమ్మా," అంది. "ఎవరూ చెప్పలేదు. వాడంతట వాడే."

బు వర్దానీ కళ్లు తుడుచుకుంది. చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో గాని సందంతా పాకాయి. ప్రిహాది తల తిప్పి తల్లిని చూశాడు. కోపం కాదు. విప్పి చూసిన మోటారులో ఎక్కడ కాలిపోయిందో వెతికేటప్పుడు చూసే చూపు. తర్వాత మిగిలిన దూరం నడిచాడు.

శనివారం పొద్దున నమాజు గది మైకులో పాక్ దర్సోనో ప్రకటించాడు. సావో సందే గెలిచింది. సమాధి వల్లా కాదు, గడియారం వల్లా కాదు. "అవిటితనాన్ని కూడా లెక్కచేయక తోటి మనిషిని గౌరవించే సందు" అని రాశారట కాగితంలో. సోమవారానికి పెయింటరు వచ్చాడు. సందు మొదట్లో మొదటి ఇంటి గోడ మీద, నేలనుంచి చూరుదాకా, ప్రిహాది. చంకకర్రలు, తడిసిన చొక్కా, పెదవుల మీద వాడు ఆరోజు నవ్వని నవ్వు. పక్కనే పెద్ద అక్షరాలు: కాళ్లు లేనివాడే దిగాడు. మరి మీరు?

"ఎంత బాగా దించాడో!" అంది తుమీరా. "ఆ ముక్కు చూడు వదినా, అచ్చం నీ ముక్కే."

లస్మినీ బొమ్మ దగ్గర ఎక్కువసేపు నిలబడలేకపోయింది. బతికున్న మనిషిని అంత పెద్దగా గోడకెక్కిస్తే దిష్టి తగులుతుంది.

ఆ సాయంత్రం ప్రిహాది బండి బోర్డు దగ్గర ఆగింది. కొత్తగా చూడ్డానికి వచ్చిన జనం పదిమంది ఫోన్లు పట్టుకుని ఉన్నారు. పాక్ దర్సోనో వాడి భుజం తట్టి, "మాస్ ప్రి, వీళ్లు మీకోసమే వచ్చారు," అన్నాడు. వాడికి ఎప్పుడూ 'ఒరేయ్' తప్ప పిలుపు లేదు. ఆ రోజునుంచి 'మాస్', అంటే అన్నగారు. వాడు దిగి నడిచాడు. మంగళవారం నడిచాడు. బుధవారం సమాధి మలుపులో కుడి కర్ర జారి మోచేతి మీద పడ్డాడు. అందరూ పరుగెత్తుకొచ్చి లేపారు. పాపం, పాపం అన్నారు. బండి తెచ్చిస్తాం, ఎక్కు అని మాత్రం ఒక్కరూ అనలేదు. జనం చూస్తున్నారు.

లస్మినీ వాడి మోచేతికి పసుపు రాస్తుంటే అరచేతులు కనిపించాయి. కర్ర పట్టిన చోట తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. ఆ చేతుల్తోనే వెంట్రుకంత రాగితీగ చుట్టాలి. రోజుకు ఎనిమిది మోటార్లు చుట్టేవాడు ఇవాళ రెండే చుట్టానన్నాడు.

"నువ్వు బాధపడకు," అన్నాడు. "వాడంతట వాడే కదా."

ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

గురువారం పొద్దున పొయ్యి వెలిగించకుండానే పాక్ దర్సోనో ఇంటికి వెళ్లింది. ఆయన పంజరంలో పావురానికి గింజలు వేస్తున్నాడు.

"నేను అబద్ధం చెప్పానండి. భయపడి చెప్పాను. అందరికీ చెప్పేయండి. వాణ్ని ఎక్కి రానివ్వండి."

"నెమ్మది, బు, నెమ్మది. పిట్ట బెదురుతుంది." ఆయన పంజరం తలుపు వేసి చేతులు దులుపుకున్నాడు. "ఆరోజు నేనేమైనా అన్నానా? మీరే అన్నారు. నేను అడిగింది ఒక్క రోజే. రోజూ అన్నది ఎవరు?"

"నేనే."

"మరి? ఇప్పుడా మాట మీదొక్కరిదే కాదు. సందందరిదీ. ద్వారం కట్టడానికి ఇటుకలు దిగాయి. చివర మీ ఇంటి వెనక ఏటి గట్టుకు గోడ కూడా కడతామన్నారు. ఇప్పుడు పోయి మాదంతా అబద్ధం అని చెప్పమంటారా? రేపు నీళ్లొస్తే ముందు మునిగేది ఎవరి ఇల్లు?"

లస్మినీకి ఏటి నీళ్లు మోకాళ్లదాకా వచ్చినట్టే ఉంది. తిరిగొచ్చింది. పిండి కలిపింది. ఉప్పు రెండుసార్లు వేసింది. ఆ రోజు అప్పడాలన్నీ పారబోసింది.

శుక్రవారం మధ్యాహ్నంనుంచి ఎడతెగని వాన. సందు కాలవలా పారుతోంది. ఆ నీళ్లను చూస్తున్నకొద్దీ ఆమెకు ఒక్కటే కనిపిస్తోంది, సమాధి గట్టు, దాని మీద తల. ఐదున్నరకి గొడుగైనా లేకుండా సందు మొదటికి పరుగెత్తింది. ప్రిహాది అప్పుడే బండి ఆపి, వానకోటు కింద చెయ్యి పెట్టి కర్రల ముడి విప్పబోతున్నాడు.

"దిగకు. ఎక్కే రా. నేను ముందు నడుస్తాను."

"అమ్మా, ఊరుకో. వాళ్లేమంటారో."

"దిగితే చంపేస్తాను," అంది. అన్నాక గాని తెలియలేదు, అంత మాట నోట్లోంచి వచ్చిందని. వెంటనే నుదురు తట్టుకుంది. తట్టడానికి చెక్క కనిపించక బండి సీటు తట్టింది.

పది అడుగులైనా వెళ్లలేదు. బొమ్మ ఉన్న గోడ చూరు కింద వాన తగ్గడానికి ఎదురుచూస్తున్న గుంపులోంచి ఒకాయన గొడుగు వేసుకుని దారికి అడ్డంగా వచ్చాడు. వెనక పదిమంది బడిపిల్లలు. మాస్టారు కాబోలు.

"ఏమండీ, దిగండి! బోర్డు చదవడం రాదా?"

ప్రిహాది హెల్మెట్ అద్దం మీద నీళ్లు కారుతున్నాయి. వానకోటు మోకాళ్ల కిందిదాకా కప్పేసింది.

"ఆ బొమ్మ చూడండి. కాళ్లు లేని మనిషి, పాపం, ఆయనే దిగి నడుస్తాడట. మీకేమొచ్చింది? దుక్కలా ఉన్నారు. పిల్లలు చూస్తున్నారు, సిగ్గుగా లేదూ?"

పిల్లలు కిసుక్కున నవ్వారు.

లస్మినీ గుమ్మాల వైపు చూసింది. మిరపకాయలతో వచ్చి వానకు అక్కడే ఒక ఇంట్లో ఆగిపోయిన తుమీరా తలుపు సందులోంచి చూస్తోంది. పిట్టల పంజరాలు లోపల పెట్టుకుంటున్న మనిషి చూస్తున్నాడు. సందులో పుట్టిన ప్రతివాడికీ ఆ బండి తెలుసు, ఆ హెల్మెట్ తెలుసు. ఒక్కరు, ఒకే ఒక్కరు 'అయ్యా, ఆ బొమ్మలో మనిషి ఇతనే' అంటే చాలు. ఆమె ఒక్కొక్క ముఖం చూసింది. తుమీరా మిరపకాయల జల్లెడ లోపలికి లాక్కుంది, తడిసిపోతున్నాయన్నట్టు. మిరపకాయలు చూరు కిందే ఉన్నాయి.

"వాడే వీడు," అంది లస్మినీ. మొదటిసారి ఆ మాట వాన చప్పుడులో కలిసిపోయింది. మళ్లీ అంది. "ఆ బొమ్మలో వాడే వీడు. నా కొడుకు. వీడు ఎప్పుడూ దిగలేదు. రోజూ ఎక్కే వచ్చేవాడు. ఆ మాట అబద్ధం. చెప్పింది నేను."

మాస్టారు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. తడిసిన జుట్టు, ముఖానికి అంటుకుని. ఎక్కణ్నుంచి వచ్చాడో పాక్ దర్సోనో మాస్టారి మోచెయ్యి పట్టుకున్నాడు.

"పెద్దావిడ, వానలో తడిసి… ఏమీ అనుకోకండి. రండి, రండి, మీకు గడియారం చూపిస్తాను. ఇరవై నిమిషాలు ముందు నడుస్తుంది, చెప్తే నమ్మరు!"

గుంపు అటు కదిలింది. దారి ఖాళీ అయింది. లస్మినీ ముందు నడిచింది, ఆమె వెనక బండి వచ్చింది. ప్రతి గుమ్మం దాటుతుంటే అలవాటు కొద్దీ "మన్నించండి" అంటూనే ఉంది. ఒక్క గుమ్మంలోనూ పలికినవాళ్లు లేరు.

ఆ దీపాలవేళే పాక్ దర్సోనో వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు. చూరు కింద నిలబడే మాట్లాడాడు.

"మేం నలుగురం అనుకున్నాం, బు. పోనీలెండి, ప్రి ఇకమీదట ఎక్కే రావచ్చు. ఎవరూ ఆపరు. ఇన్నాళ్లూ ఎలా వచ్చాడో అలాగే."

లస్మినీ ఊహించిన వందరకాల చెడులో ఇది లేదు.

"ఒక్కటే. వచ్చిన అతిథులకు మేం చెప్పుకునేది మేం చెప్పుకుంటాం. మీరు మాత్రం మళ్లీ ఇవాళ్టిలా అడ్డం పడొద్దు. అవునంటే అవునని, లేకపోతే ఊరుకుని. అంతేనా?"

"అంతేనండి. మీ రుణం…" ఆమె మూడుసార్లు చేతులు జోడించింది. ఏం చెప్పుకుంటారని అడగాలని తోచనే లేదు.

ఫ్యాను మోటారు ముందు కూర్చున్న ప్రిహాది తల ఎత్తాడు. "ఏం చెప్పుకుంటారట?"

"ఏదో ఒకటి చెప్పుకోనీ నాన్నా. నీకు దారి దొరికింది."

శనివారం పెయింటరు మళ్లీ వచ్చి బొమ్మలో ముఖం మార్చాడు. చెంపలు లోపలికి పోయాయి, మీసాలు వచ్చాయి, తలమీదికి నల్లటోపీ వచ్చింది. ముక్కు లస్మినీది కాకుండా పోయింది. ఆ సాయంత్రం ప్రిహాది దాని ముందునుంచే బండి మీద వచ్చాడు. గుమ్మాలవాళ్లు పీటలు జరిపారు. వాడివైపు చూడకుండా జరిపారు. పరాచికాలు లేకపోయినా పరవాలేదు, వాడి అరచేతులు మానితే చాలు అనుకుంది లస్మినీ. ఆ రాత్రి కడుపునిండా తిన్నది.

ఆదివారం సందు నిండా జనం. ఆమె గుమ్మం ముందు చెక్కబల్ల మీద పెయెక్ పొట్లాలు పేర్చి కూర్చుంది. మొదటిసారి తన చేతి అప్పడాలు ఒక్కటీ చిరగలేదు. సాయంత్రం నాలుగవుతుండగా ఒక నడివయసు ఆవిడ గుంపులోంచి విడిపడి వచ్చింది. పట్టణపు మనిషి, మంచి పట్టు ముసుగు, ఏడ్చిన కళ్లు. పొట్లం తీసుకోలేదు. బల్ల మీదుగా వంగి లస్మినీ రెండు చేతులూ పట్టుకుంది.

"మీరేనా ఆ అబ్బాయి తల్లి? ఆ సందు పెద్ద చెప్పారు. ఎంత కడుపుకోతమ్మా మీకు!"

లస్మినీకి అర్థం కాలేదు.

"పోయి ఏడాదైందటగా? అలాంటి కొడుకును కన్నారు, మీ జన్మ ధన్యం. ఆయన జ్ఞాపకార్థమే ఈ సందులో అందరూ దిగి నడుస్తారట. నేనూ ఒక కొడుకును పోగొట్టుకున్నదాన్నే. అందుకే ఆగలేక వచ్చాను."

బల్ల చెక్క చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. ఆమె చేతులు ఆవిడ చేతుల్లో ఉన్నాయి. నాలుగిళ్ల అవతల, సమాధి దగ్గర, పాక్ దర్సోనో గుంపు మధ్య నిలబడి ఇటే చూస్తున్నాడు. అప్పుడే సందు మొదట్లో బండి చప్పుడైంది. అది ఏ బండో లస్మినీకి చెప్పక్కర్లేదు. గుమ్మాలు ఒక్కొక్కటీ దాటుకుంటూ, జనాన్ని తప్పించుకుంటూ, దగ్గరికొస్తోంది.

"ఎలా పోయాడమ్మా?" అంది ఆవిడ మెల్లగా.

బండి మలుపు తిరిగింది.

"జ్వరం," అంది లస్మినీ. "మూడు రోజులు."

ఆవిడ ఆమె చేతుల్ని తన నుదుటికి ఆనించుకుంది. ప్రిహాది గుమ్మం పక్కకు వచ్చి ఇంజను ఆపాడు. హెల్మెట్ తీయబోయిన చెయ్యి, తల్లి ముఖం చూసి ఆగింది.

"ఈ బాబు?"

"మా రెండోవాడమ్మా."

"అల్లా ఒకణ్నైనా ఉంచాడు మీకు," అంది ఆవిడ, వాడివైపు తిరిగి తడికళ్లతో నవ్వుతూ. "అమ్మను బాగా చూసుకో నాయనా. మీ అన్నలాంటి మనిషి మళ్లీ పుట్టడు."

వెనక కట్టిన కర్రల మీద ఉన్న ప్రిహాది చెయ్యి, పక్కనే మడిచి పెట్టిన వానకోటును మెల్లగా వాటి మీదికి లాగి కప్పింది.

ఆవిడ వెళ్లలేదు. ఆవిడతో వచ్చిన నలుగురూ ఇటే వచ్చారు. తల్లితో ఫొటో తీసుకుంటామన్నారు. ఒకరి తర్వాత ఒకరు. తర్వాత అందరూ కలిసి. వాడు బండి మీదే కూర్చున్నాడు, హెల్మెట్ తీయకుండా, గుమ్మానికి మూరెడు దూరంలో. ఎండ నేరుగా వాడి మీదే పడుతోంది. పొద్దుటినుంచి బజార్లో కూర్చునే పనిచేసిన మనిషి, నడుము ఒకవైపు ఒరిగిపోతోంది.

లస్మినీ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి వాడి చేతికిచ్చింది. ఇస్తూ, జనానికి వీపు తిప్పి, పెదవులు కదిలీ కదలనట్టు అంది:

"వీళ్లు వెళ్లేదాకా దిగకు, నాన్నా."